పరుగుతో పాటు కంచం మార్చాక: రెండేళ్ల పైచిలుకు అనుభవం

మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. 79 కిలోల నుంచి 68కి వచ్చాను. ఆఫీసులో అడిగేవాళ్లందరికీ చెప్పేది ఒకటే: పరుగు వల్ల ఒంట్లో సత్తువ వస్తుంది, నిద్ర బాగా పడుతుంది, ఆకలి కూడా దంచేస్తుంది. బరువు మాత్రం తగ్గేది కంచం దగ్గరే.

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. బెజవాడ వైపు నుంచి సీతానగరం వైపుకు వెళ్లి వస్తే రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. రెండుసార్లు తిరిగితే దాదాపు ఐదు. కిలోమీటరు పరిగెత్తితే మన బరువు ఎన్ని కిలోలో సుమారు అన్ని క్యాలరీలు కరుగుతాయి. అంటే అప్పటి నా బరువుకు ఐదు కిలోమీటర్లకు నాలుగు వందల లోపు. టీషర్టు పిండుకునేంత చెమట కార్చి సంపాదించిన ఆదాయం అది. బ్యారేజీ దిగగానే ఉప్మా పెసరట్టు, పైన నెయ్యి, పక్కన ఓ గారె, చివర్లో పంచదార దట్టించిన కాఫీ. ఆదాయం మొత్తం పోయి పైగా అప్పు. మా ఊళ్లో నలుగురు నడిచే చోటల్లా టిఫిన్ బండి ఉంటుంది. ఏళ్ల తరబడి నడుస్తూ ఒక్క కిలో కూడా తగ్గనివాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు, ఆ బండి దగ్గరే కనిపిస్తారు.

నాకు కుదిరిన పద్ధతి ఇది. బయల్దేరే ముందు ఒక చక్కెరకేళి. పరగడుపున పరిగెత్తి వస్తే కనబడిందల్లా తినేస్తాను, అందుకే. వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, కాసేపాగి రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఇంట్లో చెంచా నూనెతో కాల్చిన పెసరట్టు. వంద గ్రాముల పెసల్లో 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, కాబట్టి పెసరట్టుని అనడానికేం లేదు. దాని మీదా లోపలా చేరేవాటితోనే పేచీ. ప్రొటీన్ పౌడర్ డబ్బాల జోలికి పోలేదు, అవసరమూ పడలేదు.

మధ్యాహ్న భోజనం అసలు సంగతి. మనం అన్నం ఒక్కసారి తినం, మూడుసార్లు తింటాం: పప్పూ కూరల్లోకి ఒకసారి, పులుసో చారో పోసుకుని ఇంకోసారి, పెరుగులోకి మళ్లీ. ప్రతి విడతకీ కొత్తగా వడ్డన. నేను మొదటి విడత ఉంచుకున్నాను. చారు గ్లాసులో పోసుకుని తాగేస్తాను, పెరుగు కప్పులో వేసుకుని ఉత్తదే తింటాను. అన్నం మానకుండానే సగానికి పైగా తగ్గింది. ఆవకాయ మొదటి ముద్దలోకే, అదీ ఊట వదిలేసి ముక్క మాత్రం. పెద్దవాళ్లకు రోజుకు ఐదు గ్రాముల ఉప్పు మించకూడదంటారు, పచ్చళ్ల ఇంట్లో అది నిలబడటం కష్టం.

ఇక నూనె. మా అత్తయ్యకు కొలత కంటితోనే, ప్యాకెట్ వంచితే వంచినట్టే. స్టీలు చెంచా పెట్టి, "దీంతో మూడు చాలు అత్తయ్యా" అంటే, "మూడు చెంచాలకి వంకాయ మగ్గదమ్మాయ్, మాడుతుంది. అది పథ్యం కూర" అన్నారు. పదిహేను మిల్లీలీటర్ల చెంచాడు నూనెంటే దగ్గర దగ్గర 120 క్యాలరీలు. అడుగు మందంగా ఉన్న మూకుడులో కాయలు పరిచి, మూతలో కాసిని నీళ్లు పోసి సన్నసెగన ఉంచితే అవే మగ్గాయి. కారం చివర్లో చల్లాను. ఆవిడ బాగుందని అనలేదు గానీ రెండోసారి వడ్డించుకున్నారు. నెలకు నాలుగు ప్యాకెట్లు అయ్యే ఇంట్లో ఇప్పుడు రెండున్నర అవుతోంది.

బూట్లు మంచివి కొనండి, అంతకంటే చెప్పడానికేం లేదు. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకండి, పరుగు మధ్యలో షుగర్ పడిపోవచ్చు. మోకాళ్ల నొప్పులుంటే వేగంగా నడిచినా సరిపోతుంది.

ఈ పద్ధతికి పదికి ఎనిమిది మార్కులు వేస్తాను. ఒకటి మే నెల తీసుకుంది. పగలు నలభై డిగ్రీలు దాటే ఊళ్లో తెల్లవారుజామున కూడా ఒళ్లు జిడ్డోడుతుంది. రోహిణి కార్తెలో పరుగు ఆపి నడకే. సరిగ్గా అప్పుడే నూజివీడు రసాలు కూడా దిగుతాయి. రెండోది పెళ్లిళ్లు తీసుకున్నాయి. బంతిలో నేను బూరె వద్దన్నా, పక్కావిడ "అయ్యో, అదేంటండీ" అంటూ వడ్డించే అబ్బాయిని వెనక్కి పిలిచి, నా బూరెకు బొక్క పెట్టించి మరీ నెయ్యి పోయిస్తారు.