కడపలో ఎక్కి, ఓర్వకల్లులో ఎక్కి: ఇద్దరు విమానాల పిచ్చోళ్ళ ఫ్యాన్ల విమానం యాత్ర

మా అనంతపురానికి విమానాశ్రయం లేదు. పుట్టపర్తిలో ఉందిగా అంటారు. ఉంది, 1990లో సత్యసాయి ట్రస్టు కట్టించింది, రన్‌వే 2,200 మీటర్ల పైచిలుకే, కడప కర్నూళ్ళకంటే పొడుగే, కానీ మనం టికెట్ కొనుక్కుని ఎక్కే రోజువారీ విమానం అక్కడికి రాదు. బాబా పుట్టినరోజు పండగకో, పెద్దవాళ్ళెవరైనా వచ్చినప్పుడో సొంత విమానాలు దిగుతాయి, అంతే. కాబట్టి మాకు ఉన్నవి బెంగళూరు, కడప, కర్నూలు. పనిమీద పోయేవాళ్ళు కళ్ళు మూసుకుని బెంగళూరు పోతారు, అందులో వాదనేం లేదు. విమానం ఎక్కడమే పనిగా పెట్టుకున్నవాళ్ళ లెక్క వేరు. నేనూ, డిగ్రీ చదివే మా అక్క కొడుకూ ఆ బాపతు.

మేం వేసుకున్న ప్లాను చెబితే నవ్వుతారు. రోడ్డుమీద కడప, అక్కడినుంచి హైదరాబాదుకు విమానం, హైదరాబాదు నుంచి బస్సులో కర్నూలు, అక్కడి విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు విమానం, మళ్ళీ బస్సులో ఇల్లు. "మూడున్నర గంటల్లో పోయే బెంగళూరికి దేశమంతా తిరిగి పోతారేంరా" అని మా అక్క. వాడేమో "మామా, రెండు ఏటీఆర్‌లు దొరుకుతాయి" అని ఒకటే సంబరం.

అసలు రాయలసీమలో చిన్న విమానాశ్రయం అంటే ఏటీఆర్ 72 అన్నట్టే. మనవాళ్ళు ఫ్యాన్ల విమానం అంటారు, పాతకాలందేమో అనుకుని కొంచెం భయపడతారు కూడా. పాతదేం కాదు. ఇండిగో నడిపే 72-600 రకం ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తయారవుతుంది, 78 సీట్లు, అటు రెండు ఇటు రెండు, మధ్య సీటు అనే శిక్షే లేదు. ఫ్యాను వెనక ఉన్నది కూడా జెట్ ఇంజన్ లాంటి టర్బైనే, అది ఆరు రెక్కల ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. వేగం గంటకు 500 కిలోమీటర్ల చిల్లర, జెట్‌కంటే తక్కువే, కానీ మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరానికి ఆ తేడా పది, పదిహేను నిమిషాలకు మించి తెలియదు. పైగా డీజిల్ లెక్క చూసుకునే లారీ ఓనరులాగా ఆలోచిస్తే ఈ దూరాలకు ఇదే గిట్టుబాటు. ఇంకో కారణం రన్‌వే. కడపలోనూ ఓర్వకల్లులోనూ 2,000 మీటర్లే. నిండా బరువుతో ఏటీఆర్ లేవడానికి సుమారు 1,300 మీటర్లు చాలు. అదే ఎయిర్‌బస్ ఏ320 నిండా జనంతో, నిండా ఇంధనంతో లేవాలంటే రెండు వేలు బొటాబొటీ, అందులోనూ మన ఏప్రిల్ మే ఎండల్లో గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంకా పొడుగు రన్‌వే కావాల్సొస్తుంది.

కడపకు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా పోయాం. ముందురోజే పోయి ఏడురోడ్ల దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, ఏసీ పనిచేసింది, పొద్దున్నే లేపమంటే లేపారు, అంతకంటే ఏం కావాలి. రాత్రికి రాగిసంగటి, నాటుకోడి పులుసు, పొద్దున కారం దోసె. కడపలో తిండి గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. విమానాశ్రయం ఊరికి పన్నెండు కిలోమీటర్లు, ఎర్రగుంట్ల వైపు. ఆటో దొరుకుతుంది. "ఫ్లైటు ఎన్నింటికన్నా" అని అడిగి టైము చెప్పాక "చానా టైముందిలే" అని మధ్యలో టీ తాగించి మరీ తీసుకుపోయాడు ఆటో ఆయన. బెంగళూరులో ఈ మాట అనే డ్రైవర్ని నేను చూడలేదు.

టెర్మినల్ చిన్నది, లోపలికి పోవడం, బ్యాగు ఇవ్వడం, తనిఖీ, అన్నీ కలిపి మన మండలాఫీసులో సంతకం పెట్టించుకునేంత సేపు కూడా పట్టదు. కడుపు నింపుకునే పోండి, ఏ చిన్న విమానాశ్రయానికైనా ఇదే నా సలహా. అసలు మజా తర్వాత. ఏరోబ్రిడ్జి లేదు, నడుచుకుంటూ విమానం దగ్గరికి పోవడమే. ఏటీఆర్‌కు తలుపు తోక దగ్గర, సామాను గది ముందు, పైలట్ల వెనకాల. జనమంతా వెనకనుంచి ఎక్కుతుంటే విమానం తోకమీద కూలబడకుండా కింద ఒక కడ్డీ ఆనిస్తారు, దాన్ని చూసి మా మేనల్లుడు పెళ్ళికొడుకును చూసినట్టు నిలబడిపోయాడు. ఇంకోటి: ఈ విమానంలో జెట్లలో ఉండేలాంటి వేరే చిన్న సహాయ ఇంజన్ ఉండదు. కుడి ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌కు మాత్రం బ్రేకు వేసి ఆపుతారు, అలా నేలమీద కరెంటు, ఏసీ నడుస్తాయి. దీన్నే హోటల్ మోడ్ అంటారు. ఫ్యాను ఆగి ఉండి ఇంజన్ మోగుతుంటే చెడిపోయిందేమో అని ఒక పెద్దాయన టెన్షన్ పడ్డాడు, మావాడు ఆయనకు అక్కడికక్కడే క్లాసు పీకాడు. ఫోన్ తీసి ఫోటో కొట్టబోతే సెక్యూరిటీ వద్దంది, జేబులో పెట్టేశాం. ఎక్కాక కిటికీలోంచి తీసుకోండి, అదే మర్యాద.

సీటు సంగతి. ముందు వరసలు ప్రొపెల్లర్ పక్కన పడతాయి, హోరు ఎక్కువ. ఆ హోరే కావాలనుకునే మాలాంటివాళ్ళకు అదే బాల్కనీ. నిద్రపోవాలనుకుంటే వెనక వరసలు, దిగేటప్పుడు కూడా వాళ్ళే ముందు. రెక్క నెత్తిమీద ఉంటుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా కింద నేల కనబడుతుంది, ఇది ఏ320లో రెక్కమీద సీటు వచ్చి ఏడ్చినవాళ్ళకు తెలుస్తుంది విలువ. చక్రాలు రెక్కల్లోకి కాదు, పొట్ట పక్కన ఉబ్బెత్తు గూళ్ళలోకి ముడుచుకుంటాయి, ఆ ముడుచుకోవడం మధ్య వరసల్లోంచి చూడొచ్చు. లేచిన కాసేపటికి ఎడమ కిటికీలో థర్మల్ ప్రాజెక్టు చిమ్నీలు, సిమెంటు ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము, సన్నగా పెన్న. తర్వాత నల్లమల. మరీ ఎత్తుకు పోదు కాబట్టి కొండల మడతలు, చెరువులు అన్నీ గుర్తుపట్టొచ్చు. బస్సులో రాత్రంతా పట్టే హైదరాబాదు గంట చిల్లరలో వచ్చేసింది.

కడప గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ సర్వీసులు వచ్చిపోయిన కథ తెలియకపోతే టికెట్టు దొరకనప్పుడు ఊరికే తిట్టుకుంటాం. 2015 జూన్‌లో ఎయిర్ పెగాసస్ బెంగళూరు నుంచి మొదలుపెట్టింది, ఏడాది దాటగానే ఆ కంపెనీయే మూతపడింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకు చవగ్గా విమానాలు నడపాలని కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద దేశంలో మొదట ఎగిరిన సర్వీసుల్లో కడప - హైదరాబాదు ఒకటి, ట్రూజెట్ నడిపింది. ప్రధాని సిమ్లాలో జెండా ఊపితే మన కడప విమానం కూడా కదిలింది. 2022 మొదట్లో ట్రూజెట్ కూడా ఆగింది, అదే మార్చి చివర ఇండిగో వచ్చింది. ఉడాన్ మొదలైనప్పుడు సగం సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టి, కంపెనీకి వచ్చే నష్టాన్ని ప్రభుత్వం భర్తీ చేసేది, అదీ మూడేళ్ళపాటు. ఆ తర్వాత సొంతకాళ్ళమీద నిలబడాల్సిందే. నిలబడే రూట్లు కొన్ని, కూలబడేవి ఎక్కువ. ఇది ఎవరి తప్పని నేను అనను గానీ, కడప ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఆ వారం ఏ రోజుల్లో సర్వీసు ఉందో చూసుకున్నాకే సెలవు పెట్టండి.

శంషాబాదు గురించి కొత్తగా చెప్పేదేముంది. 4,260 మీటర్ల రన్‌వే, అక్కడ మన ఏటీఆర్ సగం కూడా వాడుకోకుండా పక్కకు తిరిగేస్తుంది. 2016 మే నెలలో ప్రపంచంలోకెల్లా పెద్ద సరుకు విమానం ఆంటొనోవ్ ఆన్-225 ఇక్కడ దిగింది, నేను అప్పుడు సెలవు దొరక్క పోలేదు, 2022లో యుద్ధంలో అది నాశనమైంది, ఇక చూసే రాత లేదు. రాత్రి బసకు "ఎయిర్‌పోర్ట్ వ్యూ" అని బోర్డు పెట్టుకున్న ఒక హోటలు బుక్ చేశాం. వ్యూ అంటే మేడమీద నీళ్ళ ట్యాంకు ఎక్కితే దూరంగా లైట్లు. రెండు ఊళ్ళ అద్దె ఒక్కరాత్రికే పోయింది. నెట్‌లో ఫోటోలు చూసి నమ్మకండి, మ్యాపులో రన్‌వే కొనలు ఎటున్నాయో చూసి, విమానాలు దిగే గీతకు దగ్గరున్న గది తీసుకోండి.

హైదరాబాదు నుంచి కర్నూలు బస్సు, నాలుగు గంటలు, నిద్రపోయాం.

కర్నూలులో లాడ్జి పేరు చెప్పను. వేడినీళ్ళు ఆరింటినుంచి అన్నారు, ఏడైనా రాలేదు, అడిగితే "వస్తాయి సార్" అన్నారు, మేం ఖాళీ చేసేటప్పుడు వచ్చాయి. ఉగ్గాని, బజ్జి తిన్నాక ఆ కోపం సగం పోయింది. ఓర్వకల్లుకు క్యాబ్ మాట్లాడితే రానూపోనూ చార్జీ అడిగాడు, ఖాళీగా తిరిగి రావాలట. నిజమే కావచ్చు, కానీ విమానాశ్రయం నంద్యాల హైవే పక్కనే ఉంది, ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపు, సామాను తక్కువుంటే నంద్యాల బస్సెక్కి దిగిపోవడమే మేలు. పొద్దున ఎండ ముదరకముందు పోతే దగ్గర్లోనే రాక్ గార్డెన్ ఉంది, ఆ తెల్లరాళ్ళ గుట్టలు, మధ్యలో నీళ్ళు ఒక గంట చూడొచ్చు.

ఈ విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. చుట్టూ ఎటుచూసినా బయలు, కొండరాళ్ళు, చెట్టు అడ్డం రాదు. విమానాలు చూడ్డానికి కడపకంటే ఇదే బాగుంటుందని నా తీర్పు: విమానం ఇంకా చుక్కలా ఉన్నప్పుడే కనబడుతుంది, ముక్కు ఎత్తి దిగడం, ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి బ్రేకులా వాడినప్పుడు వచ్చే ఆ గర్జన, మొత్తం అడ్డు లేకుండా వింటాం, చూస్తాం. చిక్కు ఒక్కటే, రోజుకు చూడ్డానికి ఎన్ని విమానాలని? వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు, కొన్ని రోజులు ఒక చెయ్యే ఎక్కువ. మావాడు ఫోన్‌లో, ఎగిరే విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 తెరిచి పెట్టుకుని బెంగళూరులో లేచినప్పటినుంచి మా విమానాన్నే చూస్తూ కూర్చున్నాడు, తోకమీద వీటీ-ఐవై తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు కనబడగానే డైరీలో రాసుకున్నాడు. కడపలో ఎక్కినదీ ఇదీ ఒకటే అయితే వాడికి అన్నం సహించేది కాదు. కాదు, వేరేదే.

బెంగళూరు వైపు కుడి కిటికీ తీసుకోండి, ఇది గట్టిగా చెబుతున్నా. సగం దారి దాటాక కింద చిత్రావతి ఒడ్డున పుట్టపర్తి రన్‌వే తిన్నగా గీత గీసినట్టు కనబడింది, ఖాళీగా. "మామా, ఇక్కడే దింపేస్తే గంటన్నరలో ఇంట్లో ఉంటాం" అన్నాడు వాడు.

బెంగళూరులో దిగాక ఏటీఆర్‌ను దూరంగా పార్క్ చేశారు, బస్సులో టెర్మినల్ దాకా తిప్పుకుంటూ తెచ్చారు. ఇది చాలామందికి విసుగు, మాకు ఉచిత ప్రదర్శన: పెద్ద బోయింగ్‌ల చక్రాల పక్కనుంచి పోతాం. రకాలు చూడాలంటే మాత్రం మా సీమవాళ్ళకు బెంగళూరును మించింది లేదు, రెండు రన్‌వేలు, 2022 అక్టోబర్ నుంచి ఎమిరేట్స్ రెండంతస్తుల ఏ380 కూడా వస్తోంది. రన్‌వేలు తూర్పు పడమరగా ఉంటాయి, మన 44వ నంబరు హైవే వాటికి పడమటి పక్కన పోతుంది, అందుకే గాలి తూర్పుదైన రోజుల్లో దిగే విమానాలు హైవేకు అడ్డంగా మన బస్సు నెత్తిమీదుగానే పోతాయి. అనంతపురం నుంచి పోయేవాళ్ళు దేవనహళ్ళి దాటాక ఫోన్ పక్కన పెట్టి తల ఎత్తితే చాలు, టికెట్ అక్కర్లేదు.

తిరుగు ప్రయాణానికి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పోయి మళ్ళీ వెనక్కి రాకండి. మేం దేవనహళ్ళి దాకా క్యాబ్‌లో వచ్చి హైవే మీద అనంతపురం బస్సు ఆపుకున్నాం. సీటు బాగేపల్లి దాకా దొరకలేదు, అది వేరే సంగతి.