వార్త ఇంకా తెలియని పత్రిక: పాత పేపర్ల వ్యాపారితో కొన్నేళ్ల అనుభవం

చారిత్రక దినాల తెలుగు పత్రికలు సేకరించేవాళ్లకు దారులు కొత్తగా చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, చిన్న ఊళ్లో ఉంటే తుక్కు కొట్టు, అదృష్టం కలిసొస్తే ఎవరో తాతగారి అటక. నేను రాయదలచింది పాత పత్రికలను పోస్టులో పంపే ఒక వ్యాపారి గురించి, అందులోనూ ఆయన చేసే ఒక పని గురించి. మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది కనుక పేరు రాయడం లేదు.

ఆ పని ఇది. డబ్బు పంపకముందే ఆయన ప్రతి సంచికకూ మూడు ఫొటోలు పంపుతారు: తేదీతో సహా మొదటి పేజీ పైభాగం, పత్రిక ఎక్కడ అచ్చయిందో చెప్పే అడుగు వరుస, మధ్య మడత. ముద్రించినవారి పేరు, ముద్రణ స్థలం ప్రతి పత్రికలో ఉండాలన్నది 1867 నాటి చట్టం నుంచీ వస్తున్న నియమం కాబట్టి ఆ అడుగు వరుస ఎంత పాత సంచికలోనైనా దొరుకుతుంది. ఫొటోలతో పాటు ఆ ప్రతి దూరప్రాంతాలకు వెళ్లిన డాక్ ఎడిషనా, ఆలస్యంగా అచ్చయిన సిటీ ఎడిషనా అన్నది తన అంచనాగా చెబుతారు. నాకు తెలిసిన అమ్మకందారుల్లో ఇంత శ్రద్ధ తీసుకునేవారు మరొకరు లేరు.

దీని విలువ నాకు చంద్రయానం సంచిక కోసం అడిగినప్పుడు తెలిసింది. మనిషి చంద్రుడిపై దిగిన రోజు పత్రిక కావాలి, 1969 జులై 21 అని రాశాను. ఆయన ఫోన్ చేసి, "మీకు దిగిన రోజు కావాలా అండీ, కాలు మోపిన రోజు కావాలా?" అన్నారు. తర్వాత గడియారం లెక్క ఓపికగా వివరించారు. చంద్రుడిపై దిగిన నౌక ఈగిల్ నేలను తాకింది గ్రీనిచ్ సమయం ప్రకారం జులై 20 రాత్రి 8 గంటల 17 నిమిషాలకు, అంటే మనకు 21 తెల్లవారుజామున 1.47కి. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది మనకు ఉదయం 8.26కి. అప్పటికి పత్రికలు ఇళ్లకు చేరిపోయాయి. ఆ అడుగు వార్త కావాలంటే 22వ తేదీ సంచిక కొనాలి. 21వ తేదీది ఏ ఎడిషన్ అన్నదాన్ని బట్టి, దిగిన వార్త ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఆయన దగ్గర రెండు తేదీలూ ఉన్నాయి. 21వ తేదీ ప్రతి డాక్ ఎడిషన్. రైలుకు అందించడానికి రాత్రి పెందలాడే అచ్చు వేసినది. ఫొటోలో మొదటి పేజీ చూశాను. చంద్రుడిపై దిగబోతున్నారు, దిగాక ఏం చేస్తారు, ఎలా తిరిగొస్తారు అని అంతా భవిష్యత్తులోనే రాసి ఉంది. ఆ పేజీ కూర్చినవాళ్లకు ఫలితం తెలియదు. చేరారో లేదో తెలియకుండానే ఆ కాగితం రైలెక్కింది. దాన్ని చదివినవాళ్లు మిగతా కథ రేడియోలో విని ఉంటారు. 22వ తేదీ సంచికలో పెద్ద అక్షరాలు, సంతోషం అన్నీ ఉన్నాయి కానీ నాకు 21వ తేదీదే ఎక్కువ చరిత్రగా అనిపించింది. రెండూ కొన్నాను. అప్పటి నుంచి నా సేకరణ అంతా ఆ వైపే మళ్లింది.

ఒకసారి ఆ కన్నుతో చూడటం మొదలుపెడితే ఇంకా ఎన్నో తేదీలు తెరుచుకుంటాయి. 1983 జూన్ 25న లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్ ముగిసేసరికి మనకు దాదాపు అర్ధరాత్రి. 26వ తేదీ డాక్ ప్రతి ఆయన నాకోసం వెతికి పట్టారు. అందులో మన 183 పరుగులు ఉన్నాయి, వెస్టిండీస్ ఇంకా ఆడుతోంది. గెలుస్తామన్న ఆశ ఆ వార్తలో కనిపించదు. దానికి పక్కనే సిటీ ఎడిషన్ పెట్టి చూస్తే కొన్ని గంటల తేడాలో దేశం మారిపోయినట్టుంటుంది. ఇంకొక సంగతి, అందరూ దాచుకున్న పత్రికలు ఇప్పుడు సులువుగా దొరుకుతాయి. ఇందిరాగాంధీ హత్య మర్నాటి 1984 నవంబరు 1 సంచిక ఎన్నో ఇళ్లలో ఉంది. అదే ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన మర్నాటి ఆగస్టు 17 సంచిక మంచి స్థితిలో దొరకడం కష్టం. డాక్ ప్రతులైతే మరీను. చదివాక కిరాణా కొట్టులో పొట్లాలైపోయినవే ఎక్కువ.

ఇక ఫిర్యాదు. 1956 నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ అవతరణ నాటి సంచిక ఫొటోల్లో చాలా బాగుంది. మడత దగ్గర చిన్న గోధుమ రంగు గీత తప్ప లోపం లేదు. అట్ట గొట్టంలో చుట్టి పంపారు. న్యూస్‌ప్రింట్ అంటే కలపను యాంత్రికంగా నూరి చేసిన గుజ్జు. అందులో మిగిలిపోయే లిగ్నిన్ అనే కలప పదార్థం వెలుతురుకు, గాలికి పసుపెక్కుతుంది, ఆమ్లం కాగితపు పోగులను తెంచుతుంది. అన్నేళ్ల కాగితాన్ని చుట్టకూడదు. గొట్టం నుంచి తీసి విప్పుతుంటే మడత పొడవునా చిట్లిపోయింది, అంచుల నుంచి పెంకులు రాలాయి. అవతరణ వార్త ఉన్న కాలమ్ సరిగ్గా మధ్యలో తెగింది. చాలా బాధపడ్డాను. ఆయన సగం డబ్బు వెనక్కి ఇచ్చారు, పోస్టు ఖర్చు తగ్గుతుందని చుట్టానన్నారు. అప్పటి నుంచి రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా పంపుతున్నారు, దానికి అదనపు రుసుము మనమే ఇవ్వాలి.

ఫొటోల మీద నాకున్న నమ్మకం ఆ తర్వాత కొంచెం తగ్గింది. పెళుసుదనం ఫొటోకు అందదు. ఇప్పుడు కొనేముందు ఒక మూల మెల్లగా వంచి చూసి చెప్పమంటాను, లోపలి పేజీలన్నీ ఉన్నాయా, వెనక టేపు అంటించారా అని విడిగా అడుగుతాను. అడిగితే నిజమే చెబుతారు, అడగకపోతే చెప్పరు. ఎడిషన్ అంచనా కూడా ప్రతిసారీ అదనపు ధరకు తగినది కాదు. ఎన్టీఆర్ మరణించిన 1996 జనవరి 18 సంచికకు, మరణవార్త లేని అరుదైన ప్రతి అంటూ ఎక్కువ చెప్పారు. ఎన్టీఆర్ పోయింది తెల్లవారుజామున. ఆ వేళకు ఉదయపు పత్రికల ముద్రణ దాదాపు ముగిసి ఉంటుంది, వార్త లేకపోవడంలో అరుదు ఏమీ లేదు. ఆ మాట చెప్పాక ధర తగ్గించారు.

1947 ఆగస్టు 15 సంచిక ఎవరి దగ్గర కొన్నా జాగ్రత్త అవసరం. తర్వాతి కాలంలో అచ్చొత్తిన నకళ్లు చాలా తిరుగుతున్నాయి. సీసపు అక్షరాలతో అచ్చయిన అసలు కాగితానికి వెనక వైపు వేలితో నిమిరితే అక్షరాల ఒత్తుడు తెలుస్తుంది, ఆఫ్‌సెట్ నకలు నున్నగా ఉంటుంది. లామినేషన్ చేసినది ఉచితంగా ఇచ్చినా తీసుకోను, ఆ పొరను తిరిగి విడదీయలేం. మామూలు పీవీసీ ప్లాస్టిక్ కవర్లూ వద్దు, పాలిస్టర్ ఫిల్మ్ తొడుగులు ఖరీదైనా అవే మంచివి.

అందరికీ ఈ వ్యాపారి సరిపోతారా అంటే చెప్పలేను. నేను హైదరాబాదుకు దూరంగా ఉంటాను, అబిడ్స్‌కు ప్రతి ఆదివారం వెళ్లగలిగితే బహుశా ఇంత ధర పెట్టేవాణ్ని కాదు. చదవడమే కావాలంటే ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత సంచికలు, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు ఉన్నాయి, కొనే పనే లేదు. పిల్లల పుట్టినరోజు తేదీ పత్రిక బహుమతిగా ఇవ్వాలనుకునేవారికి ఎడిషన్ గొడవతో పని లేదు, తక్కువ ధరలో ఎవరైనా ఇస్తారు. నాలాగా ఒకే తేదీకి రెండు ఎడిషన్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలనే పట్టుదల ఉంటే మాత్రం అదనపు రుసుముతో సహా ఆయన దగ్గరే కొంటాను. ప్రస్తుతం పొట్టి శ్రీరాములు కన్నుమూసిన 1952 డిసెంబరు 15 రాత్రి తర్వాతి ఉదయం, 16వ తేదీ డాక్ ప్రతి కోసం చెప్పి ఉంచాను. గొట్టంలో వద్దని ముందే రాశాను.