ఉద్యోగం మానేసి సేవా, పని చేసుకుంటూ సేవా?

అనంతపురంలో చర్చి ఉపవాస ప్రార్థన కూటం అయ్యాక, దేవుని సేవకు, అంటే సువార్త పనికి, రావాలనుకునే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే.

ఖర్చు: పూర్తికాల సేవంటే ముందు బైబిల్ కాలేజీ, తర్వాత ఇల్లు గడిచేది కానుకల మీదే. వాన మొహం చాటేసిన ఏడాది ఆదివారం కానుక సంచీ కూడా తేలికే. పని చేసుకునేవాళ్లకు ఆ దిగులు తక్కువ. బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు.

శ్రమ: పూర్తికాలం చేసేవాళ్లకు రోజంతా సేవకే. పని చేసుకునేవాళ్లకు షిఫ్టు దిగాక మిగిలిన గంటే.

ధైర్యం: ఇక్కడ నేను పని చేసుకుంటూ చేసే సేవ వైపే. మా సంఘంలో ఒక అక్క కూలికి బుడ్డలు (వేరుశెనగకాయలు) ఒలుస్తుంది. పక్కనామె మొగుడి తాగుడు చెప్పుకుని ఏడిస్తే చేట పక్కకు జరిపి, దుమ్ము చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తుంది. ఆ మాట అంత దగ్గరగా పాస్టరుగారి చెవిన పడదు. యేసు శిష్యులు పేతురు, యోహానుల ధైర్యం చూసి, వాళ్లు కూడా విద్యలేని పామరులేనని తెలిసి జనం పెద్దలు ఆశ్చర్యపోయారు (అపొస్తలుల కార్యములు 4:13).

అప్పులు, చిన్నపిల్లలు ఉంటే పని వదలొద్దు. ఇంట్లో ఒప్పుకుని, సంఘమే పంపుతానంటే, కాపరి లేని ఊరు పిలుస్తుంటే, పూర్తికాలానికే వెళ్లండి.