‘గుడ్లగూబ గ్యారంటీ’ అనే వ్యాను యాత్రకు డబ్బు కట్టబోతున్నారా?

ఈ చలికాలం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సాక్స్-జిమ్ బాగ్ అనే చిత్తడి అడవికి పక్షులు చూడటానికి వెళ్లేవారు కాస్త ఆగి ఇది చదవండి. డులూత్ నగరం నుంచి వ్యానులో రోజంతా తిప్పుతామంటే మనిషికి 240 డాలర్లు కట్టాను. ప్రకటనలో అన్నిటికంటే పెద్ద అక్షరాలు ‘గ్రేట్ గ్రే ఔల్ గ్యారంటీ’ అన్నవే, అంటే పెద్ద బూడిదరంగు గుడ్లగూబ తప్పక కనబడుతుందని.

అడవి పక్షికి ఎవరు పూచీ పడగలరు? ఉత్తరాది అడవుల్లో వోల్ అనే చిట్టెలుకలు కరువైన ఏడాది ఈ గుడ్లగూబలు పెద్ద సంఖ్యలో దక్షిణానికి దిగుతాయి. 2004-05 చలికాలంలో ఒక్క మిన్నెసోటాలోనే 5,000కు పైగా లెక్కకు వచ్చాయి. మామూలు ఏడాదుల్లో వెతుక్కోవలసిందే, అదీ తెల్లవారుజామున లేదా మునిమాపువేళ. మా గైడు వ్యాను తీసిందే తొమ్మిదిన్నరకు!

ఆ ధీమా ఎక్కడిదో మధ్యాహ్నం తెలిసింది. సీటు కింద నుంచి చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా తీశాడు. లోపల దుకాణంలో కొన్న తెల్ల ఎలుకలు. రోడ్డు పక్క చెట్టు మీదున్న పక్షికి కనబడేలా ఒకదాన్ని మంచు మీదికి విసిరాడు. అది కాస్త పాకి, ఎటు పోవాలో తెలియక అక్కడే ముడుచుకుంది. గుడ్లగూబ రెక్కల చప్పుడైనా లేకుండా వాలి ఎత్తుకుపోయింది. వ్యానులో చప్పట్లు. మంచు కింద కదిలే వోల్‌ను చెవితోనే పసిగట్టే పక్షికి రోడ్డంచున తిండి మప్పితే, అది ఏదో ఒక రోజు వాహనాల కింద పడదా?

తర్వాత బోరియల్ చికడీ అనే చిన్న పిట్ట కోసం ఫోనులో దాని కూత అదేపనిగా మోగించాడు. పక్షి రాలేదు సరికదా, మాకు తలనొప్పి వచ్చింది. రికార్డింగులు వాడేటప్పుడు నిగ్రహం పాటించాలని పక్షులు చూసేవారి సంఘమైన అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళి స్పష్టంగా చెబుతోంది.

ఎర వేస్తారని ముందే ఎందుకు చెప్పలేదు, డబ్బు తిరిగి ఇవ్వండి అని రాస్తే, “ఔల్ కనిపించింది కదా” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పైగా షరతుల్లో చిన్న అక్షరాలతో ‘ఏ జాతి గుడ్లగూబ అయినా, ఎంత దూరంలో అయినా’ అని ఉందట. గ్యారంటీ అంటే ఇదన్నమాట.

ప్రకటనలోని ఫొటోలు పట్టి చూడండి. ప్రతి దానిలోనూ గుడ్లగూబ గోళ్లు చాచి సరిగ్గా కెమెరా వైపే దూసుకొస్తుంటే, కెమెరా పక్కన ఎలుక ఉందేమోనని అనుమానించాలి.

కెనడా జే అనే బూడిదరంగు పక్షిని, చికడీలను చూడటానికి ఇంత ఖర్చు అక్కరలేదు. అడ్మిరల్ రోడ్డులో చలికాలం మేత పెట్టే చోట అవి వాటంతటవే వస్తాయి. ఔల్ అవెన్యూలో ఫ్రెండ్స్ ఆఫ్ సాక్స్-జిమ్ బాగ్ వారి సందర్శక కేంద్రం ఉంది, ముందు అక్కడ వాకబు చేయండి. గైడు కావాలనుకుంటే మాత్రం ఎన్నింటికి బయలుదేరతారు, ఎర వేస్తారా, పక్షి కనబడకపోతే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి ఈమెయిల్‌లోనే రాయించుకోండి. ఫోనులో నాకు ‘తెల్లవారకముందే’ అని చెప్పినవారే, తర్వాత అలా అనలేదన్నారు.