పలాస పప్పు, ఐవరీ కోస్ట్ పిక్క: పూర్ణా మార్కెట్ వెనక ఒక జీడిపప్పు కొట్టు

విశాఖపట్నంలో జీడిపప్పు అమ్మే కొట్టు ఏదైనా దాని బోర్డు మీద పలాస పేరు కనిపిస్తుంది. ఆ పప్పు తాలూకు పిక్క, అంటే గుల్లతో ఉన్న జీడిగింజ, ఏ దేశపు తోటలో రాలిందో అడగకుండానే చెప్పే కొట్టును మాత్రం నేను పూర్ణా మార్కెట్ వెనక సందులోనే చూశాను. టోకు కిరాణా కొట్ల మధ్య ఇరుక్కుని ఉన్న చిన్న గది అది. పేరు రాయవద్దని యజమాని కోరారు. తనకు సరుకు వేసే బట్టీల (పిక్క నుండి పప్పు తీసే కర్మాగారాల) వారు పిక్క పుట్టుపూర్వోత్తరాలు బయట పెట్టడానికి ఇష్టపడరట. అయినా ఆయన మూడు రేకు డబ్బాల మీద ఉద్దానం (పలాస చుట్టుపక్కల శ్రీకాకుళం తీరప్రాంతం), ఐవరీ కోస్ట్, మొజాంబిక్ అని మార్కరుతో రాసి ఉంచారు, కావలసినవారికి రుచి చూపించి మరీ తూస్తారు. ఈ సమీక్ష ఆ మూడు డబ్బాల గురించి. వాటిలో రెండు అంతర్యుద్ధం నుండి తేరుకున్న దేశాలవి కాబట్టి, ఆ దేశాల సంగతి చెప్పకుండా పప్పు సంగతి చెప్పడం కుదరదు.

పలాస పప్పులో ఆఫ్రికా పిక్క ఉందంటే మోసమని అనుకునేవారు మన ఊరిలో చాలామంది ఉన్నారు. నిజానికి పలాస, కాశీబుగ్గల బట్టీలు ఉద్దానం పంట ఒక్కదానితో ఏడాది పొడవునా నడవలేవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరం దాటి ఉద్దానం తోటలను నేలమట్టం చేసిన తరువాత కొరత మరింత పెరిగింది. దేశం మొత్తం మీద చూసినా మన కర్మాగారాలకు కావలసిన పిక్కలో పెద్ద భాగం బయటి నుండే రావాలి. మన పంట మార్చి నుండి మే వరకు వస్తుంది. పశ్చిమ ఆఫ్రికా పంట ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగుతుంది. భూమధ్యరేఖకు దిగువన ఉన్న మొజాంబిక్‌లో అక్టోబరు నుండి జనవరి వరకు కోతలు. అందుకే ఈ కొట్టులో మొజాంబిక్ డబ్బా వేసవి వచ్చేసరికి నిండుకుంటుంది. ఉద్దానం రైతు తన పిక్కకు ధర అడిగేది 80 కిలోల బస్తా లెక్కన. అంతర్జాతీయ వ్యాపారంలో పిక్క నాణ్యతను తేల్చేది కూడా 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కే. 48 పౌన్లు, అంటే 22 కిలోలకు కొంచెం తక్కువ దిగితే అది మంచి సరుకు.

ముందుగా ఐవరీ కోస్ట్ డబ్బా. నేను తీసుకున్నది 320 గ్రేడు గుండు, అంటే విరగని నిండు పప్పు, పౌనుకు 300 నుండి 320 గింజలు తూగేది. పప్పు తెల్లగా, ఒకే పరిమాణంలో ఉంది. పొట్టు మచ్చలు దాదాపు లేవు. నేతిలో వేయిస్తే రంగు సమంగా తిరిగింది. నోట్లో వేసుకుంటే ఉద్దానం పప్పులో ఉండే పాల తీపి కొంత తగ్గిందనిపించింది గాని, పులిహోరలోనో పాయసంలోనో పడిన తరువాత ఆ తేడాను పసిగట్టగల నాలుక మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ గింజ వెనక ఉన్న కథ పెద్దది. ఐవరీ కోస్ట్ ఉత్తర ప్రాంతంలో 1960 ప్రాంతాల నుండి జీడిచెట్లు నాటింది పంట కోసం కాదు, మట్టి కొట్టుకుపోకుండా, అడవి తరిగిపోకుండా ఆపడానికి. 2002 సెప్టెంబరులో మొదలైన తిరుగుబాటు దేశాన్ని రెండు ముక్కలు చేసినప్పుడు, ఆ జీడితోటలున్న ఉత్తర భాగమంతా బువాకే పట్టణం కేంద్రంగా తిరుగుబాటుదారుల చేతికి వెళ్లింది. దారి పొడవునా లారీల మీద వారే పన్ను వసూలు చేసేవారు. చాలా పిక్క అబిజాన్ రేవుకు రాకుండా పొరుగు దేశాల మీదుగా వెళ్లిపోయేది. 2007 మార్చిలో వాగాడూగూ ఒప్పందంతో మొదటి యుద్ధం ముగిసినా, 2010 నవంబరు అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని ఓడినవారు ఒప్పుకోకపోవడంతో మళ్లీ కాల్పులు మొదలై సుమారు 3,000 మంది చనిపోయారు. 2011 ఏప్రిల్‌లో, ఓడినా పదవి వదలని అధ్యక్షుడు లోరాఁ గ్బాగ్బో అరెస్టయ్యాక గాని తుపాకులు ఆగలేదు.

ఆ తరువాత జరిగినది మెచ్చుకోదగినది. 2012 నుండి 2019 వరకు ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ ఏటా సుమారు 8 శాతం చొప్పున పెరిగింది. తిరుగుబాటుకు రాజధానిగా ఉన్న బువాకేలోనే 2012లో ఓలామ్ సంస్థ యంత్రాలతో నడిచే పెద్ద జీడిపప్పు కర్మాగారం తెరిచింది. 2013లో పత్తికీ జీడికీ కలిపి ఒక ప్రభుత్వ మండలిని ఏర్పరచి, పంట ముందే రైతుకు కనీస ధర ప్రకటించడం, కొనుగోలుదారులను నమోదు చేయడం, పిక్కను సరిహద్దు రోడ్ల మీదుగా కాక రేవుల ద్వారానే ఎగుమతి చేయించడం మొదలుపెట్టారు. 2015 నాటికి పిక్క దిగుబడిలో ఆ దేశం ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. 2022లో దిగుబడి 10 లక్షల టన్నులు దాటింది. అయితే చాలా కాలం ఆ పంటలో పదో వంతు కూడా అక్కడ పప్పుగా మారేది కాదు. మిగిలినదంతా బస్తాల్లోనే వియత్నాంకూ మనకూ వచ్చేది. పప్పు ఎగుమతి చేసే కర్మాగారాలకు సబ్సిడీ ఇచ్చి, పిక్క కొనుగోలులో వాటికి ముందు అవకాశం కల్పించాక, ఆ వాటా 2023 నాటికి ఐదో వంతు దాటింది. 2024లో కొన్నాళ్లు పిక్క ఎగుమతిని ఆపేశారు కూడా. యుద్ధంలో చీలిపోయిన ప్రాంతానికి ఉద్యోగాలు తేవడం కన్నా మంచి సంధి ఉండదని అక్కడి ప్రభుత్వం అనుకుని ఉంటుంది. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. అయితే వారు గెలిచిన ప్రతి టన్నూ పలాస బట్టీకి రాకుండా పోయే టన్నేనన్నది కూడా నిజం.

మొజాంబిక్ డబ్బాలోని పప్పు చిన్నది. నేను వెళ్లినప్పుడు గుండు లేదు, బద్ద మాత్రమే ఉంది. రుచిలో ఉద్దానానికి దగ్గరగా, ఐవరీ కోస్ట్ కన్నా తీయగా ఉంది. కుర్మాలో రుబ్బి వేయడానికి ఇంతకన్నా మంచి బద్ద ఈ ధరకు దొరకదు. దీని వెనక కథ మాత్రం తీపి కాదు.

1970ల తొలి ఏళ్లలో ఆ దేశం ఏటా 2 లక్షల టన్నులకు పైగా పిక్క పండించేది, ప్రపంచంలో అగ్రస్థానం దానిదే. 1975 జూన్ 25న పోర్చుగీసు పాలన నుండి స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకే ఫ్రెలిమో పార్టీ ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటు దళాలకూ మధ్య మొదలైన యుద్ధం 1992 అక్టోబరు 4న రోమ్‌లో ఒప్పందం కుదిరే వరకు సాగింది. సుమారు 10 లక్షల మంది ఆ యుద్ధంలోనూ, దానితో వచ్చిన కరువులోనూ చనిపోయారు. రైలు మార్గాలు పేల్చివేశారు, పల్లెలు ఖాళీ అయ్యాయి, చెట్లు ముసలివైపోయినా కొత్త మొక్క నాటే నాథుడు లేడు. నేలలో పాతిన మందుపాతరలన్నిటినీ తొలగించామని ఆ దేశం ప్రకటించగలిగింది 2015 సెప్టెంబరులో, అంటే శాంతి వచ్చిన దాదాపు 23 ఏళ్ల తరువాత.

ఇంత జరిగినా పెద్ద కర్మాగారాలు యుద్ధాన్ని తట్టుకుని మిగిలాయి. వాటిని పడగొట్టినది శాంతికాలపు విధానం. 1990ల మధ్యలో ఆ కర్మాగారాలను ప్రైవేటుపరం చేసిన వెంటనే, ప్రపంచ బ్యాంకు షరతుల మేరకు పిక్క ఎగుమతి మీద పన్నును 20 శాతం నుండి 14 శాతానికి తగ్గించారు. రైతుకు మంచి ధర వస్తుందన్నది అప్పటి వాదన. ఆ పిక్కను ఎక్కువగా కొన్నది భారతీయ వ్యాపారులే, ముఖ్యంగా కేరళలోని కొల్లాం కర్మాగారాల కోసం. కొన్నేళ్లలోనే మొజాంబిక్ కర్మాగారాలు దాదాపు అన్నీ మూతపడి వేలాది కార్మికులు వీధిన పడ్డారు. వారిలో ఆడవారు చాలామంది. 1999లో ఆ దేశ పార్లమెంటు పన్నును 18 నుండి 22 శాతం దాకా పెంచింది గాని, తుప్పు పట్టిన యంత్రాలు తిరిగి లేవలేదు. 2000 తరువాత నాంపులా రాష్ట్రంలో మళ్లీ వచ్చిన చిన్న కర్మాగారాలు ఆ పాత యంత్రాల జోలికి పోలేదు. పిక్కను ఆవిరిలో ఉడికించి, కాలితో తొక్కే కత్తి బల్ల మీద ఒక్కొక్కటిగా కోసే మన దేశపు పద్ధతినే ఎంచుకున్నాయి. పెట్టుబడి తక్కువ, పని ఎక్కువమందికి దొరుకుతుంది, గుండు ఎక్కువగా దిగుతుంది. పలాసలో జీడి అంటకుండా చేతులకు ఆముదం రాసుకుని కూర్చునే ఆడవారి పనితనమే వేరే సముద్రతీరంలో ఒక పరిశ్రమను మళ్లీ నిలబెట్టిందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2019లో మన ప్రభుత్వం విదేశీ జీడిపప్పుకు కనీస దిగుమతి ధరను గుండుకు కిలో 720 రూపాయలు, ముక్కకు 680 రూపాయలుగా నిర్ణయించింది. అంతకు ముందు సంవత్సరం బడ్జెటులో పిక్క దిగుమతి సుంకాన్ని 5 నుండి 2.5 శాతానికి తగ్గించింది. పిక్క రావచ్చు, పప్పు రాకూడదు అన్నది దీని సారాంశం. మన బట్టీల కూలీల కోసం ఇది సరైన పనే. కాని యుద్ధం నుండి అప్పుడే లేచిన మొజాంబిక్ తన కూలీల కోసం ఇదే రక్షణ కోరితే ప్రపంచ బ్యాంకు కుదరదన్నదని గుర్తుంచుకుంటే, ఆఫ్రికా దేశాలు పిక్క ఎగుమతిని బిగిస్తున్నాయని మన వ్యాపారులు చేసే ఫిర్యాదు అంత బరువుగా అనిపించదు.

ఉద్దానం డబ్బా గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. గింజ కొంచెం వంకరగా, పరిమాణం అసమానంగా ఉన్నా, పచ్చిగా తినడానికి మూడింటిలో అదే మొదటిది. జీడిపప్పు పాకం వండేవారు మరొకటి కొననక్కరలేదు. ధర తక్కిన రెండింటి కన్నా ఎక్కువే. ఆ తేడా న్యాయమైనదేనా అని యజమానిని అడిగితే, "పిక్క ఎక్కడిదైనా కొయ్యడం, పొట్టు తియ్యడం మాత్రం మన పలాస ఆడోళ్లేనమ్మా. మీరు రుచికి ఎక్కువిస్తున్నారు గాని పనికి కాదు" అన్నారు. బోర్డు మీద పలాస పేరు పెట్టుకోవడానికి ఇంతకన్నా నిజాయితీగల సమర్థన నేను వినలేదు. ఆ పేరు చెట్టుది కాదు, చేతిది.

కొట్టులో లోపాలు లేకపోలేదు. డబ్బా మీద దేశం పేరు ఉంది గాని ఏ సీజను పంటో రాసి లేదు. జీడిపప్పుకు అది దేశం కన్నా ముఖ్యం, ఎందుకంటే తేమ తగిలిన పాత సరుకుకు ముక్కిపోయిన వాసన రావడానికి మన సముద్రపు గాలిలో ఎక్కువ కాలం పట్టదు. తూచిన పప్పును పలచని ప్లాస్టిక్ కవరులో కట్టి ఇస్తారు కాబట్టి ఇంటికి చేరగానే గాజు సీసాలోకి మార్చాలి, లేదా డబ్బా మీరే పట్టుకెళ్లాలి. నూక మాత్రం కొనవద్దు. మూడు దేశాల పొడీ ఒకే గోనెలో కలిపి ఉంచారు, దానిలో పొట్టు కూడా ఎక్కువే. రోజువారీ పోపుకూ ఉప్మాకూ ఐవరీ కోస్ట్ 320 గుండు, రుబ్బే కూరలకు మొజాంబిక్ బద్ద, ఇంటికి వచ్చిన చుట్టాల ముందు పెట్టడానికి ఉద్దానం గుండు తీసుకోవచ్చు. ఫోన్‌పే ఉంది, కార్డు తీసుకోరు. ఆదివారం మధ్యాహ్నం తరువాత మూసేస్తారు. దసరా, సంక్రాంతి వారాల్లో ఉద్దానం గుండు కావాలంటే ముందు రోజే చెప్పి పక్కన పెట్టించుకోవాలి.