డబుల్ వెడ్డింగ్ రింగ్ బొంత: కొన్నేళ్లు కప్పుకున్నాక

డబుల్ వెడ్డింగ్ రింగ్ కుట్టమంటారా అని అడిగేవాళ్లకు కుట్టమనే చెబుతాను. కాకపోతే గుడ్డ, లోపలి పొర, అంచు, ఈ మూడూ మన గోదావరి గాలికి తగ్గట్టు మార్చుకోవాలి. పాలకొల్లులో మా ఇంట్లో ఈ బొంతను చాలా వానాకాలాలు కప్పుకున్నాం, ఉతికాం, మేడ మీద ఎండేశాం. ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది కళ్లారా చూశాకే రాస్తున్నాను.

ఒకదానిలో ఒకటి చిక్కుకున్న ఉంగరాలే ఈ డిజైన్. అమెరికాలో 1920ల చివర్లో, 1930లలో బాగా వ్యాపించింది. చేతిలో డబ్బు ఆడని ఆ రోజుల్లో ఇంట్లో మిగిలిన చిన్న చిన్న గుడ్డ పేలికలతో కుట్టి, పెళ్లికి కానుకగా ఇచ్చేవారు. మన అతుకుల బొంతలూ పాత చీరలతోనే పుట్టాయి గానీ, వాటిలో అన్నీ తిన్నని కుట్లు. ఇందులో తిన్నగా పోయే కుట్టు తక్కువ.

నాది అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు, మొత్తం 20 ఉంగరాలు. ఉంగరం మధ్యలో ఉండే నడిమి ముక్కలు 20, దాని చుట్టూ వచ్చే ఆకు ఆకారం ముక్కలు 49 (పక్కపక్క ఉంగరాలకు మధ్యలో ఒకే ఆకు), ప్రతి ఆకుకీ ఇరువైపులా వంపు పట్టీలు 98. నా టెంప్లేటు (ముక్కలు గీసి కోసుకునే అచ్చు) ప్రకారం పట్టీకి ఆరు ముక్కలు, అంటే 588. పట్టీలు కలిసే చోట మూల చదరాలు 98. వెరసి 755 ముక్కలు. అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు, కోయడానికి ఓపిక ఉంటే చాలు. అసలు పరీక్ష కుట్టు వెడల్పు దగ్గర. పావు అంగుళం వదిలి కుట్టాలి. ఒక్కో కుట్టు అంగుళంలో 32వ వంతు లోపలికి జరిగినా, రెండు ముక్కల్లోనూ ఆ మేర తగ్గుతుంది. ఆరు ముక్కల మధ్య ఐదు కుట్లు, కాబట్టి పట్టీ చివరికొచ్చేసరికి అంగుళంలో 16 వంతులకు ఐదు వంతులు కురచ అవుతుంది. అప్పుడు అది ఆకుకి సరిపోదు. మిషన్ ప్లేటు మీద సూది నుంచి పావు అంగుళం కొలిచి టేపు అంటించుకోండి. నాది తొక్కుడు మిషనే. వేగం మన కాలి అదుపులో ఉంటుంది కాబట్టి, వంపులకు మోటారు కంటే అదే నయం అనిపించింది.

ఇక గుడ్డ. ఈ డిజైన్‌కి దళసరి కొత్త నూలు గుడ్డ అయితే సులువు. మన దగ్గర ఉండేవి ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలు. నావి ఎక్కువగా బండారులంక నేత చీరలు. వంపుగా కోస్తే అంచు క్రాస్‌లోకి, అంటే నేతకు ఏటవాలుగా వస్తుంది, పట్టుకుంటే చాలు సాగిపోతుంది. దీనికి బజారులో స్ప్రేలు దొరుకుతాయి గానీ, అన్నం వార్చిన గంజికి మించింది లేదని నా నమ్మకం. పల్చటి గంజి వడగట్టి, చీరను ముంచి, సగం ఆరాక ఇస్త్రీ చేయాలి. కోసేముందే గంజి పెట్టాలి, కోశాక కాదు. టెంప్లేటు నడిగీతను పడుగు (నిలువు దారాల) వెంట పెట్టి కోస్తే సాగడం ఇంకా తగ్గుతుంది. టెంప్లేటుకి అట్టముక్క వద్దు, గీసే కొద్దీ దాని అంచులు అరిగి కొలత మారిపోతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ కోసి వాడండి. చీరను వెలుతురుకి పట్టి చూసి, కూర్చునే చోట, కాళ్లకు రాసుకునే చోట పలచబడ్డ భాగం వదిలేయండి. ఎరుపుల్ని నమ్మవద్దు, రంగు దిగవచ్చు. చిన్న ముక్క తడిపి తెల్ల గుడ్డ మీద ఒక రాత్రి ఉంచితే సంగతి తెలుస్తుంది.

వంపులు కలిపేటప్పుడు లోపలికి వంగిన ముక్క పైన ఉంచి, రెండింటికీ మధ్య గుర్తు పెట్టి, ముందు మధ్యన, తర్వాత చివర్లలో గుండుసూదులు గుచ్చితే మిగతాది వేళ్లే సర్దేస్తాయి. ఆకులను నడిమి ముక్కకి కలిపేటప్పుడు మాత్రం రెండు చివరలా పావు అంగుళం ముందే కుట్టు ఆపాలి. అక్కడిదాకా కుట్టేస్తే నాలుగు చదరాలు కలిసే చోట గుడ్డ ముడుచుకుంటుంది.

లోపల దూది గానీ పాలిస్టర్ గానీ పెట్టలేదు. ఒక పాత చీర పొర, అడుగున మావారి పాత పంచె, అంతే. టాకాలు వేసి, పైనుంచి మామూలు బొంత కుట్టు. మన ఉక్కపోతకి ఇదే సరైన బరువు. ఫ్యాన్ కింద హాయిగా ఉంటుంది, ముసురు రోజుల్లో కూడా తొందరగా ఆరుతుంది. మొదటిసారి ఉతికేటప్పుడు గంజి మొత్తం వదలగొట్టండి. గంజి ఉన్న గుడ్డ బీరువాలో పెడితే బూజు పడుతుంది, బొద్దింకలు కొరుకుతాయి.

ఇన్నేళ్లలో వంపు కుట్టు ఒక్కటీ ఊడలేదు. ఈ డిజైన్‌లో నాకు బాగా నచ్చినది అదే. పోయినవి గుడ్డ ముక్కలు, అందులోనూ ముందు నల్లవి, పీచుల్లా రాలిపోయాయి. కొన్ని నల్లరంగుల్లో గంధకం ఉంటుంది. తేమలో నిల్వ ఉంటే అలాంటి నూలు పెళుసుబారుతుందని అద్దకం పనివాళ్లకు తెలుసు. మళ్లీ కుడితే నలుపు బదులు ముదురు నీలం వాడతాను. ముక్కలు చిన్నవి కావడం ఇక్కడ కలిసొచ్చింది. చిరిగిన దాని మీద అదే కొలత కొత్త ముక్కను అంచులు మడిచి చేత్తో కుడితే అతుకని తెలియదు.

రెండోది అంచు. ఉంగరాల అంచు వంపులు వంపులుగా ఉంటుంది కాబట్టి క్రాస్ పట్టీయే వేయాలి, లోపలి మూలల్లో చిన్న గాటు పెట్టాలి. అందం అక్కడే, అరుగుదలా అక్కడే. మంచం పట్టెకి రాసుకుని పట్టీ చిరిగింది. నర్సాపురం లేసు అల్లే మా పక్కింటి పిన్నిగారు చూసి, "వంపులున్న అంచుకి లేసు చక్కగా కూర్చుంటుందమ్మాయ్. అరిగితే ఆ కాస్తా మళ్లీ అల్లుకోవచ్చు" అన్నారు. కొత్త పట్టీ వేశాక చుట్టూ సన్నటి నూలు లేసు అల్లి పెట్టారు. ఇప్పుడు రాపిడి లేసు మీద పడుతోంది, పట్టీ చెక్కుచెదరలేదు. లేసు అల్లేవాళ్లు దగ్గర్లో లేకపోతే ఉంగరాల్ని ఒక తిన్నని బార్డరు గుడ్డ మీద పరిచి కుట్టేయండి. చూడటానికి కొంత తగ్గినా గట్టిగా ఉంటుంది.

తిన్నని కుట్టు చేతికి ఇంకా పట్టుబడనివాళ్లు ఒక ఉంగరంతో దిండు గలీబు కుట్టి చూడండి. నడిమి ముక్క ఒకటి, ఆకులు నాలుగు, పట్టీలు ఎనిమిది. పెద్ద బొంతలో వచ్చే వంపులు రెండు రకాలూ అందులోనే వస్తాయి. నాలుగు చదరాలు ఒకచోట కలిపే పని మాత్రం కనీసం నాలుగు ఉంగరాలు కుడితేనే ఎదురవుతుంది.