బరంపురం జాతరకి వెళ్తే బస ఎక్కడ?

తొంభైల మొదట్లో నేను ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదివాను. మాది ఇచ్ఛాపురం. పాతిక కిలోమీటర్లే కాబట్టి రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లం. కానీ ఠాకురాణి అమ్మవారి జాతర వచ్చిందంటే ఆ నెల్లాళ్లూ రాత్రిళ్లు ఇంటికి చేరింది తక్కువ. వీధి వీధికీ పందిరి, పందిరి పందిరికీ ఆర్కెస్ట్రా. గాయకుడు ఘంటసాల పాట ఒకటి అందుకుని, వెంటనే అక్షయ మహంతి ఒడియా పాట ఎత్తుకునేవాడు. రెండింటికీ ఒకే జనం 'వన్స్‌మోర్' అని అరిచేవాళ్లు. తెల్లవారుజామున స్టేషన్‌కి పోయి, ప్లాట్‌ఫారం మీద కాసేపు కునుకు తీసి, మొదటి పాసింజరు ఎక్కేవాళ్లం. ఈ రోజుకీ నాకు పాట అంటే ఆ పందిళ్లే గుర్తొస్తాయి.

మొన్నటి జాతరకి మా ఆవిడనీ, అప్పట్లో మా కాలేజీ ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించిన నేస్తాన్నీ వెంటబెట్టుకుని మూడు రాత్రులు ఉండొచ్చాను. వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా బస సంగతి. మేం చేసిన పొరపాటు గోపాలపూర్‌లో గది తీసుకోవడం. సముద్రం బాగుంటుంది, లైట్‌హౌస్ ఉంది, పాత రేవు తాలూకు శిథిలాలు ఉన్నాయి, పొద్దున్నే గట్టు మీద నడక హాయిగా ఉంటుంది. రోజుకి 3,200 తీసుకున్నారు, గదీ శుభ్రంగానే ఉంది. కానీ బరంపురం అక్కడికి 15 కిలోమీటర్ల పైమాటే. కచేరీ ఊపందుకునేది పదకొండు దాటాక. సరిగ్గా ఆ వేళకే మా హోటల్ గేటుకి తాళం వేసేస్తామన్నారు. బతిమాలినా వినలేదు. ఆటో అబ్బాయిని అడిగితే, "అర్ధరాత్రి అక్కడ దింపితే తిరుగు బేరం దొరకదు బాబూ" అన్నాడు. అతని మాటా న్యాయమే. పల్లవి అయి చరణంలోకి వెళ్తున్న పాటని వదిలేసి మొదటి రాత్రి లేచి వచ్చేశాం. దారి పొడుగునా మా నేస్తం ఒక్క మాట మాట్లాడలేదు. నాకూ ప్రాణం ఉసూరుమంది.

మర్నాడే ఖాళీ చేసి బరంపురంలోనే బడాబజార్ దగ్గర్లో ఒక పాత లాడ్జికి మారాం. రోజుకి 900. లిఫ్ట్ లేదు, బాత్రూంలో కుళాయి కారుతూనే ఉంటుంది, వేడి నీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. అయినా రాత్రి రెండింటికి వచ్చి తలుపు కొడితే ముసలాయన విసుక్కోకుండా తీశాడు. "జాతర రోజుల్లో నిద్రేంటి బాబూ" అన్నాడు తెలుగులోనే. పసిపిల్లలు, నిద్ర పట్టని పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఈ చోటు వద్దు. మైకుల హోరు మంచం దాకా వస్తుంది.

జాతర రెండేళ్లకోసారి, ఎండలు ముదిరే వేళకి జరుగుతుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారిని ఆడపడుచులా పుట్టింటికి తీసుకొచ్చి, దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా కట్టిన గుడిలో నిలుపుతారు. ఆ పెద్దరికం పట్టుచీరలు నేసే దేరా కులస్థులది. వాళ్ల పూర్వీకులు గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లని చెప్పుకుంటారు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనా ఆ వీధుల్లో తెలుగు ఎక్కడికీ పోలేదు.

రెండో రాత్రి ఆ వీధి మొగలో పులివేషం వాళ్ల మేళం ఆగింది. ఒళ్లంతా పసుపు రంగు పూసుకుని, నల్ల చారలు దిద్దుకున్న కుర్రాడొకడు అరుగు మీద కూలబడి మంచినీళ్లు తాగుతున్నాడు. చెమటకి మెడ దగ్గర చారలు కరిగి భుజం మీదికి జారుతున్నాయి. పక్కన మహురి వాయించే పెద్దాయన వాద్యం పీకని ఊడదీసి, నోట్లో పెట్టుకుని తడిపి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మన సన్నాయికి దగ్గరి చుట్టమే ఆ మహురి. పీక బిగించి ఊదాడో లేదో, డప్పులు అందుకున్నాయి. ముప్పై ఏళ్ల కిందటి చప్పుడే అది. నా కళ్లు తడిశాయి.

ఆర్కెస్ట్రాల్లో మాత్రం మార్పు చాలా ఉంది. అప్పట్లో పదిమంది వాద్యగాళ్లు కూర్చునేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, మిగతాదంతా పెన్‌డ్రైవ్. గాయకులు మంచివాళ్లే, కానీ ట్రాక్ వాళ్లని తోసుకుంటూ పోతుంది. వన్స్‌మోర్ అంటే ఆ చరణం వరకే వెనక్కి వెళ్లలేరు కదా!

ఒక పగలు పర్లాకిమిడి వెళ్లాం. బస్సు ఒళ్లు హూనం చేసింది. గజపతుల కోటని బయటి నుంచే చూశాం. నౌపడ నుంచి 1900లో మొదలైన చిన్న రైలు ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. అదే లైను చివర గుణుపూర్. జయదేవుడి గీతగోవిందం పాడిన రఘునాథ్ పాణిగ్రాహి పుట్టిన ఊరని అక్కడికీ వెళ్దామనుకున్నాం గానీ, రాత్రికి పందిరి దగ్గరికి చేరాలని వెనక్కి వచ్చేశాం.

తిండికి లోటు లేదు. పొద్దున్నే బండి మీద బరా అనే గారెలు, ఘుగుని అనే బఠాణీ కూర. రాత్రి ఏ వేళకైనా వేడి ఇడ్లీ. తిరిగొచ్చేటప్పుడు అప్పడాలు కట్టించుకోండి.

ఆఖరి రాత్రి అలసిపోయి ఒంటిగంటకే గదికి వచ్చాం. బయట ఎవరో బాలు పాట అందుకున్నారు. చప్పుడు ఎక్కువగా ఉందని మా ఆవిడ కిటికీ వేయబోతే మా వాడు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత చాలాసేపు, పడుకునే, మంచం పట్టీ మీద వేళ్లతో డోలక్ దరువు వేస్తూ ఉన్నాడు.